అజ్కబాన్ ఖైదీ: పుస్తకమా, సినిమానా?

హ్యారీ పాటర్ మూడో కథ పుస్తకంగా 1999లో, అల్ఫోన్సో క్వారోన్ దర్శకత్వంలో సినిమాగా 2004లో వచ్చింది. భయపెట్టడంలో మాత్రం నా ఓటు సినిమాకే. రైలు ఆగిపోతుంది, కిటికీ అద్దం మీద మంచు పాకుతుంది, సీసాలో నీళ్లు గడ్డకడతాయి. అజ్కబాన్ అనే మాంత్రికుల జైలుకి కాపలా కాస్తూ, మనుషుల్లోని సంతోషాన్ని పీల్చేసే డిమెంటర్ అనే జీవి తలుపు తీయకముందే మనకి చలి పుడుతుంది.

కానీ బడిలో ఎవరెక్కడున్నారో చూపించే మాయా పటం (మ్యాప్) హ్యారీ చేతికొస్తుంది కదా, దాన్ని గీసిన నలుగురు స్నేహితులెవరో సినిమా చెప్పదు. వాళ్లలో ఒకరు హ్యారీ నాన్నేనని, ఆయన మగజింకగా మారేవాడని పుస్తకంలో చదివాకే, సరస్సు ఒడ్డున హ్యారీ మంత్రదండం నుంచి డిమెంటర్లను తరిమే వెలుగు, జింక రూపంలోనే ఎందుకు దూకిందో తెలిసింది. ఆ పేజీ దగ్గర కళ్లు చెమర్చాయి. సినిమాలో అదొక అందమైన వెలుగు, అంతే. అందుకే మా పిల్లలకి ముందు పుస్తకమే ఇచ్చాను.