పొందూరు సన్న ఖద్దరు పంచె: ముడత పడుతుంది, ఎందుకంటే...

శ్రీకాకుళం జిల్లా పొందూరు ఖద్దరు కొత్తగా కట్టినవాళ్ల ఫిర్యాదు ఎప్పుడూ ఒకటే: గంటకల్లా నలిగిపోతోంది. నలుగుతుంది, నిజమే. అది నేత లోపం కాదు. మే నెల ఉక్కలో ఒంటికి హాయినిచ్చే గుణమూ, పంచెను నలిపే గుణమూ ఒకటే.

పత్తి పీచు అంటే సెల్యులోజు, గ్లూకోజు వలయాల పొడవాటి గొలుసులు. ఒక్కో వలయానికి మూడు హైడ్రాక్సిల్ గుంపులు, అంటే ఆక్సిజన్-హైడ్రోజన్ జతలు. ఒక గొలుసులోని హైడ్రోజన్‌ను పక్క గొలుసులోని ఆక్సిజన్ తన వైపు లాక్కుంటుంది. అదే హైడ్రోజన్ బంధం. దీని బలం మోల్‌కు సుమారు 20 కిలోజౌళ్లు. ఆ జతలోని ఆక్సిజన్, హైడ్రోజన్‌ల మధ్య ఎలక్ట్రాన్లను పంచుకుని ఏర్పడే సమయోజనీయ బంధానిది 460 దాకా. ఒక్కొక్కటిగా చూస్తే బలహీనమే, కానీ గుడ్డలో ఇవి కోటానుకోట్లు. చెమట తగలగానే నీటి అణువులు గొలుసుల మధ్య దూరి ఆ పట్టు వదిలించి, తామే పట్టుకుంటాయి. గొలుసులు జారతాయి. ఆరేటప్పుడు గుడ్డ ఏ మడతలో ఉంటే ఆ మడతలోనే కొత్త బంధాలు బిగుస్తాయి. మామూలు తేమలో పత్తి తన బరువులో 8 శాతం వరకూ నీటిని పట్టుకుంటే, పాలియెస్టర్ అర శాతం కూడా పట్టుకోదు. అందుకే అది నలగదు, చెమటా పీల్చదు. ముడత పడని కాటన్ అని అమ్మే బట్టలో గొలుసుల్ని రెజిన్ అనే రసాయన జిగురుతో శాశ్వతంగా కట్టేస్తారు. దాంతో ముడత తగ్గుతుంది, గుడ్డ బలమూ తగ్గుతుంది. సన్న ఖద్దరుకి ఆ బేరం అక్కర్లేదు.

కొనేటప్పుడు పంచెను వెలుతురుకి ఎత్తి చూడండి. వాలుగ చేప దవడతో దువ్విన పత్తిని రాట్నం మీద వడికిన నూలు ఇది. పోగులో అక్కడక్కడా సన్నం, లావు కనిపించాలి. మరీ గీత గీసినట్టుంటే మిల్లు నూలేమో అడగండి. నూలు సన్నదనాన్ని చెప్పే కౌంటు అంకె పెరిగేకొద్దీ నూలు సన్నం, ధర ఎక్కువ. అంచు దగ్గర ఒక పోగు లాగి కాల్చితే కాగితం వాసన, వేలితో నలిపితే రాలే బూడిద రావాలి. గట్టి పూస మిగిలితే అందులో సింథటిక్ ఉంది. నీటి చుక్క వేసి పీల్చుకుంటుందో లేదో చూసే పరీక్షను మాత్రం కొత్త గుడ్డ మీద నమ్మకండి. పత్తి మీది సహజ మైనం, పడుగుకి పెట్టిన గంజి పోనంతవరకూ చుక్క పైనే నిలబడవచ్చు.

మొదటి ఉతుకుకి ముందు ఒక రాత్రి చన్నీళ్లలో నానబెట్టండి. మగ్గం మీద లాగి పట్టిన నూలు ఉబ్బి సడలుతుంది కాబట్టి పంచె కొంత కుదించుకుంటుంది.

ఎక్కువమంది చెడగొట్టేది గంజి దగ్గర. ఒక పంచెకి చెంచాడు సగ్గుబియ్యం పిండి చాలు. ముందు కాసిని చన్నీళ్లలో జారుగా కలిపి, తర్వాత లీటరు మరిగే నీళ్లలో పోస్తూ తిప్పాలి. పొడిగా వేడినీళ్లలో వేస్తే పైపొర జిగురై లోపల పిండి పచ్చిగా ఉండిపోతుంది. ఆ ఉండలే ఇస్త్రీలో తెల్ల మచ్చలవుతాయి. వడకట్టి, మరో లీటరు నీళ్లు కలిపి ముంచండి. గంజిలోని పిండి గొలుసులూ హైడ్రాక్సిల్ గుంపులున్నవే కనుక నూలును అంటుకుని ఆరాక బిగుస్తాయి, తడిస్తే వదిలేస్తాయి. తరవాణి నీళ్లు మిగిలాయి కదా అని వాడకండి. అవి కడుపుకి మంచివి, పంచెకి పులుపు కంపు.

ఇస్త్రీకి ముందు నీళ్లు చిలకరించి, చుట్టి అరగంట ఉంచాలి. తడి పాత బంధాల్ని విప్పుతుంది, వేడి ఆ తడిని తోలేస్తుంది, బరువు గుడ్డను చదునుగా పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డ మీద ఎంత రుద్దినా ముడత పోదు. వేడి పెంచితే పసుపు మచ్చ పడుతుంది. బండి మీద ఇచ్చేటప్పుడు నీళ్లు చల్లమని చెప్పండి.

తరచూ ప్రయాణాల్లో ఉండేవాళ్లకు ఈ పంచె సిఫారసు చెయ్యం. వేసవికి, పెళ్లిళ్లకి దీని తర్వాతే ఏదైనా. బ్లీచింగ్ మాత్రం దగ్గరికి రానివ్వకండి: అది హైడ్రోజన్ బంధాల్ని కాదు, గొలుసునే తెంపుతుంది. అలా తెగినదాన్ని నీళ్లూ ఇస్త్రీ అతికించలేవు. నెలల తరబడి దాచేటప్పుడు గంజి పూర్తిగా ఉతికేయండి, లేకపోతే పురుగు చేరుతుంది.