విశాఖ ఉప్పుగాలిలో బోల్ట్ యాక్షన్ ఎయిర్ రైఫిల్: కొన్నేళ్లు వాడాక నా సమీక్ష

సరదాకి గురి చూసి కాల్చుకోవడానికి తక్కువ ఖర్చులో బోల్ట్ యాక్షన్ రైఫిల్ ఏది కొనాలని అడిగేవాళ్లకి నా సలహా సూటిగా చెప్పేస్తాను. లైసెన్స్ అక్కర్లేని .177 పీసీపీ ఎయిర్ రైఫిల్ కొనండి, అంటే ముందే సిలిండర్లో నింపి ఉంచిన గాలి ఒత్తిడితో కాల్చేది. దాంట్లో కూడా పవర్ ఎక్కువ ఉన్నదాన్ని చూడొద్దు, ఓ రింగులు, అంటే గాలి కారకుండా ఆపే రబ్బరు రింగులు, ఇంట్లోనే మార్చుకోగలిగినదాన్ని చూడండి. మీ దగ్గరున్న డబ్బులో సగమే రైఫిల్‌కి పెట్టండి, మిగతా సగం పంపుకీ, గురి చూసే స్కోప్‌కీ, పెల్లెట్లనే సీసపు గుళ్లకీ ఉంచుకోండి. గాజువాకలో ఉంటూ, ఏటా వానాకాలం ఉప్పుగాలిని తట్టుకుంటూ ఇలాంటి రైఫిల్‌ని కొన్నేళ్లుగా వాడుతున్నాను. ఇది మన దేశంలో తయారైనదే. మోడళ్ల పేర్లు మారిపోతూ ఉంటాయి కాబట్టి, పేరు కన్నా కొనేటప్పుడు ఏం చూడాలో చెబితే మీకు ఎక్కువ ఉపయోగం.

బోల్ట్ యాక్షన్ మీద ఇష్టం నాకు కాలేజీలో ఎన్‌సీసీ వల్ల కలిగింది. .22 రైఫిల్ పట్టుకుని బోర్లా పడుకుని, బోల్టు ఎత్తి వెనక్కి లాగి, ముందుకి తోసి, కిందికి దించి, ఊపిరి బిగబట్టి ట్రిగ్గర్ నొక్కడం. ప్రతి గుండుకీ ఆ నాలుగు పనులూ చేతితో చేయాల్సిందే. తొందరపడడానికి వీలుండదు కాబట్టి మనసు దానంతటదే కుదురుకుంటుంది. ఉద్యోగంలో స్థిరపడ్డాక మళ్లీ అలాంటిదే కావాలనిపించి, మొదట .22 గురించే కనుక్కున్నాను.

.22 గాలితో కాదు, మందుతో పేలే తుపాకీ, కొనాలంటే గన్ లైసెన్స్ ఉండాలి. దరఖాస్తు, పోలీసు విచారణ, అవసరం ఏమిటన్న ప్రశ్న, వీటన్నిటికీ ఓపిక పట్టాలి. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత ఒక మనిషి దగ్గర ఉండదగ్గ లైసెన్స్ ఆయుధాలు మూడు నుంచి రెండుకి తగ్గాయి, లైసెన్స్ గడువు మాత్రం మూడేళ్ల నుంచి ఐదేళ్లకి పెరిగింది. ఎన్నికలొచ్చాయంటే తుపాకీ పోలీస్ స్టేషన్‌లో అప్పగించాల్సి రావచ్చు. గుళ్లు ఇన్నే కొనాలని లెక్క ఉంటుంది. పోటీల్లోకి దిగాలనుకునేవాళ్లకి ఇదంతా పడదగ్గ కష్టమే. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో స్వప్నిల్ కుసాలే 50 మీటర్ల త్రీ పొజిషన్స్‌లో కాంస్యం గెలిచింది .22తోనే. అలాంటివాళ్లు క్లబ్బులో చేరి, అక్కడి కోచ్ చెప్పినట్టు నడుచుకోవడం మేలు. ఇక ఇషాపూర్ ఫ్యాక్టరీ పేరుతో మన దగ్గర అందరికీ తెలిసిన .315 స్పోర్టింగ్ రైఫిల్ ఉంది. పాత బ్రిటిష్ సైన్యపు లీ ఎన్‌ఫీల్డ్ రైఫిల్ వంశానికి చెందిన బోల్టు, గట్టి తుపాకీ. కానీ ఆదివారం పూట సరదాకి కాల్చేది కాదు. తూటా ఖరీదు, భుజానికి తగిలే దెబ్బ, అంత దూరం పోయే గుండుకి తగిన రేంజ్ లేకపోవడం, ఈ మూడూ కలిసి దాన్ని బీరువాలోనే ఉంచేస్తాయి.

ఎయిర్ రైఫిల్ విషయంలో 2016 ఆయుధ నిబంధనలు స్పష్టంగా ఉన్నాయి. బోరు, అంటే బ్యారెల్ లోపలి వెడల్పు, 4.5 మిల్లీమీటర్లు, అంటే .177 అంగుళాలు దాటకూడదు. బ్యారెల్ మూతి దగ్గర పెల్లెట్ శక్తి 20 జౌల్స్ దాటకూడదు. ఈ రెండు హద్దుల్లో ఉంటే లైసెన్స్ అక్కర్లేదు. నేను కొన్నప్పుడు గుర్తింపు కార్డు, చిరునామా కాపీలు తీసుకుని బిల్లు ఇచ్చారు. ఆ బిల్లు జిరాక్స్ ఎప్పుడూ రైఫిల్ కవర్లోనే ఉంచుతాను, దారిలో ఎవరైనా ఆపి అడిగితే చూపించడానికి. 20 జౌల్స్ అంటే ఎంతో ఒక లెక్క చెబుతాను. 8.44 గ్రెయిన్ల పెల్లెట్ సుమారు 0.547 గ్రాములు ఉంటుంది. అది సెకనుకి 270 మీటర్ల వేగం అందుకుంటే 20 జౌల్స్ అవుతుంది. నాది 240 దగ్గర, అంటే 16 జౌల్స్ లోపు కొడుతుంది. ఇంతకన్నా ఎక్కువ కావాలని నాకు ఏ రోజూ అనిపించలేదు. స్ప్రింగు మార్చి పవర్ పెంచి ఇస్తామనే మెకానిక్‌లు తగులుతారు. ఆ పని చేయించుకుంటే చట్టం హద్దు దాటిపోతారు, గురి కూడా పాడవుతుంది.

మడత పెట్టి లోడ్ చేసే స్ప్రింగు గన్ సగం ధరకే వస్తుంది కదా అంటారు. నిజమే. కానీ దాంట్లో పిస్టన్ ముందుకి దూకి ఆగేటప్పుడు రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండుసార్లు అదురుతుంది. పెల్లెట్ బ్యారెల్ దాటక ముందే ఆ కదలిక మొదలవుతుంది కాబట్టి, పట్టు కొంచెం మారినా గురి తప్పుతుంది. పీసీపీలో గాలి ముందే సిలిండర్లో నింపి ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కితే సుత్తి వాల్వ్‌ని తడుతుంది, అంతే. తన్ను దాదాపు ఉండదు. గుండు ఎక్కడ తగిలిందో స్కోప్‌లోంచే చూడొచ్చు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇది చాలా పెద్ద సాయం.

ఇప్పుడు బోల్టు సంగతి. నా రైఫిల్లో బోల్టు వెనక్కి లాగితే సుత్తి బిగుసుకుంటుంది. ముందున్న సన్నని గాడిలో పెల్లెట్ తల ముందుకి ఉండేలా పెట్టి, బోల్టు ముందుకి తోస్తే దాని కొన పెల్లెట్‌ని బ్యారెల్లోకి నెడుతుంది. కొన మీదున్న చిన్న ఓ రింగు గాలి వెనక్కి రాకుండా మూస్తుంది. కొత్తలో బోల్టు గరగరమనేది. వాడగా వాడగా నునుపు తేలి ఇప్పుడు వేలితో కదులుతుంది. పెల్లెట్ రైఫ్లింగ్‌ని, అంటే బ్యారెల్ లోపలి మెలికల గాళ్లని, పట్టుకునే చోట చేతికి సన్నగా ఒక ఆనిక తెలుస్తుంది. ఆ ఆనిక ఒక్కోసారి తక్కువగా తెలిసిందంటే ఆ పెల్లెట్ వదులుదని అర్థం, అది పక్కకి పోయే అవకాశమే ఎక్కువ. బోల్టుకి బదులు పక్కన సైడ్ లివర్ అనే పిడి ఉన్న ఖరీదైన రైఫిళ్లు కూడా కాల్చి చూశాను. వాటిలో శ్రమ తక్కువే గానీ ఈ స్పర్శ అంతగా తెలియలేదు. ఒకేసారి చాలా పెల్లెట్లు నింపుకునే మ్యాగజైన్ మోడల్ కూడా దొరుకుతుంది, నాకు మాత్రం ఒక్కో పెల్లెట్ పెట్టుకునే ట్రే నచ్చింది.

మా మేనకోడలిది ఎడమచేతి వాటం. మొదటిసారి పట్టుకోగానే "మావయ్యా, బోల్టు నాకు ఎదురుగా లేదు, ప్రతిసారీ చెయ్యి మీదనుంచి తేవాలి" అంది. తన మాట నిజం. చవక రైఫిళ్లలో బోల్టు కుడివైపే ఉంటుంది, భుజానికి ఆనించే బట్ మీద చెంప ఆనే ఎత్తు కూడా కుడిచేతివాళ్లకే చెక్కుతారు. మీ ఇంట్లో ఎడమచేతివాళ్లు ఉంటే, బట్ రెండువైపులా ఒకేలా ఉన్న మోడల్ కొనండి. తను ఇప్పుడు రైఫిల్‌ని ఇసుక సంచి మీద ఆనించి, కుడిచేత్తో బోల్టు తిప్పి, ఎడమచేత్తో కాలుస్తోంది. నాకన్నా బాగా కాలుస్తోంది కూడా.

విశాఖలో ఉండేవాళ్లు అన్నిటికన్నా ముందు పట్టించుకోవాల్సింది తేమ. మూడు దశల చేతిపంపుతో 200 బార్ దాకా, అంటే మామూలు గాలి ఒత్తిడికి సుమారు రెండొందల రెట్లు, గాలి నింపుతాం. మన ఊరి గాలిని అంతలా నొక్కితే దాంట్లోని ఆవిరి ఆవిరిగా ఉండలేదు, నీరైపోతుంది. ఆ నీరు పంపులోంచి సిలిండర్లోకి వెళ్లి లోపల తుప్పు పట్టిస్తుంది. తుప్పు పొడి వాల్వ్ సీటు మీద కూర్చుంటే గాలి కారడం మొదలవుతుంది. నాకు మొదటి వానాకాలంలోనే రాత్రి 180 చూపిన గేజీ తెల్లారేసరికి 120కి దిగింది. అమ్మినవాళ్లకి ఫోన్ చేస్తే రైఫిల్ పంపించమన్నారు, వారాలు గడిచినా తిరిగి రాలేదు. వచ్చాక కూడా నెల తిరక్కుండా అదే కథ. ఓ రింగులు నేనే మార్చుకోవడం అప్పటినుంచే నేర్చుకున్నాను. సిలిండర్ పూర్తిగా ఖాళీ చేసి, గేజీ సున్నా చూపించిందని రూఢి చేసుకున్నాకే ఏ మరైనా విప్పాలి. ఇందులో రాజీ లేదు. రింగుకి సిలికాన్ గ్రీజు మాత్రమే రాయాలి. మామూలు ఆయిల్, తుప్పు వదిలించే స్ప్రే గాలి దారిలోకి పోకూడదు, ఆ ఒత్తిడిలో అవి మండగలవు.

ఆ తర్వాత నుంచి పంపు కొట్టే పని ఏసీ గదిలోకి మార్చాను. ఏసీ అరగంట నడిచాక గదిలో గాలి పొడిగా ఉంటుంది. పంపు గాలి పీల్చే చోట సిలికా జెల్ ఫిల్టర్ పెట్టాను. కాసేపు కొట్టడం, పంపు వేడెక్కగానే ఆపడం, బ్లీడ్ వాల్వ్ తిప్పి లోపలి తడి బయటికి వదలడం, చల్లారాక మళ్లీ కొట్టడం. వానాకాలంలో ఆ వాల్వ్ దగ్గర తెల్లకాగితం పెట్టి చూడండి, తుంపర మచ్చలు కనిపిస్తాయి. ఏసీ గదిలో కొడితే కాగితం దాదాపు పొడిగా ఉంటుంది. ఈ పద్ధతి పట్టాక నాకు లీకు సమస్య బాగా తగ్గింది.

డైవింగ్ సిలిండర్ సంపాదించుకోగలిగితే శ్రమ తప్పుతుంది. కానీ ఒక హెచ్చరిక. ఆటోనగర్‌లో వెల్డింగ్ చేసే తెలిసినతను నా పంపు కష్టం చూసి "ఏటండీ, గాలికి ఇంత కష్టమా? మా ఆక్సిజన్ సిలిండర్ ఉంది కదా, నిమిషంలో నింపేద్దాం" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. ఆక్సిజన్ మాత్రం ఎవరు చెప్పినా, ఎప్పుడూ నింపకూడదు. లోపల ఇసుమంత నూనె, గ్రీజు ఉన్నా పేలిపోతుంది, పట్టుకున్న మనిషి ప్రాణం పోతుంది. అతనికి కూర్చోబెట్టి వివరంగా చెప్పాను. అతని దగ్గరకి వచ్చేవాళ్లలో ఎయిర్‌గన్ ఉన్నవాళ్లు ఇంకా ఉండొచ్చు కదా.

రైఫిల్ బయటివైపు పట్టే తుప్పు సంగతి వేరు. అందమైన ఫోమ్ పెట్టెలో రైఫిల్ దాచొద్దు. ఫోమ్ తేమ పీల్చుకుని బ్యారెల్‌ని అంటుకుని ఉంటుంది. స్టీలు బీరువాలో నిలబెట్టి, సిలికా జెల్ సంచులు పెట్టి, చెయ్యి తగిలిన ప్రతిచోటా పలచగా గన్ ఆయిల్ తుడిచి, తాళం వేస్తాను. బ్యారెల్ శుభ్రం చేయడానికి ఫిషింగ్ హార్బర్ దగ్గర కొన్న నైలాన్ తీగ చాలు. మూతిలోంచి దూర్చి బోల్టు వైపు నుంచి బయటికి తీసి, గుడ్డముక్క కట్టి మూతి వైపుకి లాగడమే.

గురి విషయానికొస్తే, పది మీటర్లలో ఐదు పెల్లెట్లు చిరిగిన ఒకే రంధ్రంలోంచి పోతాయి. గాలి లేని పొద్దున పాతిక మీటర్లలో రూపాయి బిళ్ల కింద దాగేంత గ్రూపు వస్తుంది, అంటే రంధ్రాలన్నీ అంత చోటులోనే పడతాయి. ఈ ధరకి నాకు తృప్తే. మధ్యాహ్నం సముద్రపు గాలి మొదలయ్యాక పాతిక మీటర్లలో పెల్లెట్ పక్కకి కొట్టుకుపోతుంది, అందుకే ఎండ ముదరక ముందే ముగిస్తాను. పెల్లెట్ల ఎంపిక గురికి ప్రాణం. రకానికొక డబ్బా తెచ్చి కాల్చి చూస్తే మీ బ్యారెల్ ఏది ఇష్టపడుతుందో తెలుస్తుంది. నాకు చవక పెల్లెట్లతో గ్రూపు రెండింతలైంది. పది మీటర్ల ఒలింపిక్ లక్ష్యంలో పది మార్కుల చుక్క అర మిల్లీమీటరే. హైదరాబాద్‌లో పెరిగిన గగన్ నారంగ్ 2012లో లండన్‌లో కాంస్యం తెచ్చింది ఆ చుక్క మీదే. ఇంట్లో ఆ కార్డు పెట్టుకుని కాలిస్తేనే అదెంత గొప్పో అర్థమైంది.

స్కోప్ కొనేటప్పుడు ముందు భాగం తిప్పి దగ్గరి దూరానికి సరిచేసుకునేది అడగండి. వంద గజాలకి స్థిరంగా బిగించిన చవక స్కోప్‌లో పది మీటర్ల కార్డు మసకగా కనిపిస్తుంది, కన్ను కొంచెం జరిగితే గీత కూడా జరుగుతుంది. పాతిక మీటర్లకి గురి సరిచేస్తే, పది మీటర్ల దగ్గర నాకు సుమారు ఒక సెంటీమీటరు కిందికి తగులుతుంది. స్కోప్ బ్యారెల్ కన్నా ఎత్తులో ఉండడమే దానికి కారణం, రైఫిల్ తప్పు కాదు.

ఎక్కడ కాల్చాలన్నది కూడా రైఫిల్ కొనక ముందే తేల్చుకోండి. డాబా మీద వద్దే వద్దు, తప్పిన పెల్లెట్ వందల మీటర్లు పోగలదు. ఇంట్లో అయితే హాలు నుంచి వెనక వసారా దాకా, తలుపులన్నీ గడియ పెట్టి, ఇనుప పెట్టెలో పుట్టీ దట్టించిన ట్రాప్‌లోకి కాలుస్తాను. పాతిక మీటర్లకి ఆనందపురం దాటాక మా చుట్టాల జీడితోట ఉంది, అక్కడ వెనక ఎత్తైన మట్టి గట్టు ఉంది. పిట్టలనీ ఉడతలనీ కొట్టడానికి తుపాకీ అడిగేవాళ్లకి నేను చెప్పేదేమీ లేదు. 1972 వన్యప్రాణి చట్టం సంగతి అటుంచినా, కంబాలకొండ అభయారణ్యం పక్కనే పెట్టుకుని అలాంటి పని చేయడం నాకు భరించరానిది. కాల్చడం అయ్యాక సబ్బుతో చేతులు కడుక్కున్నాకే ఏదైనా తినాలి, పెల్లెట్లు సీసంతో చేసినవి.

పాతది కొనేవాళ్లు 180 దాకా గాలి నింపించి, ఒక రాత్రి ఉంచమని అడిగి, పొద్దున వెళ్లి గేజీ చూడండి. బోల్టు కొన మీది రింగు చిరిగిందేమో, సిలిండర్ చివర మరల దగ్గర ఎర్రటి పొడి ఉందేమో టార్చి వేసి చూడండి. విడి రింగుల కొలతలు అమ్మేవాళ్లు చెప్పలేకపోతే ఆ రైఫిల్ వదిలేయండి.