పాంథర్ డి రెజిన్ చక్రాల సెట్: బోల్టుల లెక్క సరిగ్గానే ఉంది, సూచనల కాగితమే తప్పు

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ వాడిన పాంథర్ ట్యాంకు తొలి రకం డి నమూనాను 1/35 స్కేలులో (అసలులో 35వ వంతు) కట్టేవారి కోసం విడిగా అమ్ముతున్న ఈ రెజిన్ (అచ్చులో పోసి గట్టిపరచిన ప్లాస్టిక్ వంటి పదార్థం) చక్రాల సెట్‌లో నేను అన్నిటికన్నా ముందు చూసింది రిమ్ము చుట్టూ ఉన్న బోల్టులనే. పాంథర్ చక్రంలో రబ్బరు టైరును పట్టి ఉంచేది బోల్టులతో బిగించిన అంచు వలయం. 1943 జనవరిలో ఉత్పత్తి మొదలైన డి రకానికి ఒక్కో చక్రంపై ఈ బోల్టులు 16 ఉండేవి. తరువాత బిగింపును మరింత గట్టిపరచడానికి 24 బోల్టుల చక్రాన్ని ప్రవేశపెట్టారు. డి తరువాత వచ్చిన ఎ, జి రకాలపై ఎక్కువగా కనిపించేది అదే. కాబట్టి ఆ వలయం తప్పయితే మిగతా పనితనం ఎంత బాగున్నా ఆ నమూనా డి రకం అనిపించుకోదు.

ఈ సెట్‌లో బోల్టులు సరిగ్గా 16 ఉన్నాయి, వాటి మధ్య దూరం ఎక్కడా తేడా లేదు. అసలు చక్రం వ్యాసం 860 మిల్లీమీటర్లు గనుక ఈ స్కేలులో అది సుమారు 24.6 మిల్లీమీటర్లు రావాలి. వెర్నియర్ కాలిపర్‌తో కొలిస్తే వెంట్రుకవాసి తేడాతో అంతే వచ్చింది. బోల్టు తలల అంచులు పదునుగా ఉన్నాయి, పలుచని రంగు పూత కింద కూడా అవి పూడిపోవు. లోపలి వరుస చక్రాల వెనుక వైపును మాత్రం చదునుగా వదిలేశారు. పాంథర్‌కు ఒక్కో పక్క ఎనిమిది ఇరుసులు, ప్రతి ఇరుసుకూ జంట చక్రాలు, అవి ఒకదానిపై ఒకటి పడేలా అమరి ఉంటాయి. అందువల్ల ఈ లోపం పక్క నుంచి కనబడదు గానీ, నమూనాను వెనుక నుంచి వంగి చూసేవారి కంట పడుతుంది.

నాకు గట్టి అభ్యంతరం ఉన్నది సూచనల కాగితంపై. ఈ చక్రాలు "అన్ని పాంథర్ ట్యాంకులకూ" సరిపోతాయని అందులో రాశారు. ఇరుసుకు సరిపోవడం వేరు, చరిత్రకు సరిపోవడం వేరు. మరమ్మతుల్లో చేతికందిన చక్రాన్ని బిగించడం వల్ల పాత, కొత్త చక్రాలు ఒకే ట్యాంకుపై కలిసి కనిపించే ఫొటోలు ఉన్న మాట నిజమే. అయితే అలాంటి కలయికను ఫలానా ట్యాంకు ఫొటో చూసి ఎంచుకోవాలే తప్ప, ఊహించుకుని పెట్టకూడదు.

ఫొటో చూసేటప్పుడు ముందు ట్యాంకు రకాన్ని తేల్చుకోవాలి, ఎందుకంటే ఫొటో కింద రాసిన వివరణను ప్రతిసారీ నమ్మలేం. డి రకానికి టరెట్ (ఫిరంగి ఉండే తిరిగే పైభాగం) మీది కమాండర్ కుపోలా, అంటే కమాండర్ బయటికి చూసే చిన్న గుమ్మటం, డ్రమ్ము ఆకారంలో ఉంటుంది. ఎ రకానికి పోత పోసిన, చుట్టూ పెరిస్కోపులున్న కుపోలా వచ్చింది. ఆ తరువాత చక్రం సంగతి. బురద సగం కప్పేసినా చక్రంలో పావు భాగం కనబడితే చాలు: అక్కడ నాలుగు బోల్టులుంటే మొత్తం 16, ఆరుంటే 24. పక్కపక్క బోల్టుల మధ్య కోణం మొదటి దానిలో 22.5 డిగ్రీలు, రెండో దానిలో 15 డిగ్రీలు. మసకబారిన ఫొటోలో సైతం ఈ తేడా తెలుస్తుంది.

మ్యూజియంలోని ట్యాంకును చూసి తుది నిర్ణయానికి రావద్దని కూడా చెప్పాలి. ఉదాహరణకు ఇంగ్లండ్‌లోని బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియంలో ఉన్న పాంథర్ జి, 1945లో యుద్ధం ముగిశాక బ్రిటిష్ సైన్యం పర్యవేక్షణలో, ఫ్యాక్టరీలో మిగిలిన విడిభాగాలతో జోడించినది. కొలతలు తీసుకోవడానికి అది అమూల్యమైనదే గానీ, రణరంగంలో నిలిచిన ఫలానా ట్యాంకుపై ఏ చక్రాలున్నాయో చెప్పడానికి ఆధారం కాదు.

1943 జూలైలో రష్యాలోని కుర్స్క్ వద్ద పోరాడిన జర్మన్ 51, 52వ ట్యాంకు బెటాలియన్ల పాంథర్‌ను కడుతున్నవారు ఈ సెట్‌ను నిస్సంకోచంగా కొనవచ్చు. 1944 నాటి ఎ లేదా జి రకం కట్టేవారు మాత్రం 24 బోల్టుల సెట్‌నే వెతుక్కోవాలి; తాము ఎంచుకున్న ట్యాంకు ఫొటోలో పాత చక్రం స్పష్టంగా కనిపిస్తేనే, ఆ ఒక్క స్థానంలో దీనిలోని చక్రాన్ని వాడుకోవాలి.