పాత ట్రాక్టర్‌కి గేర్ సెల్ఫ్: వస్తువు మంచిదే, కానీ ముందు మీటర్ పెట్టండి

పాత డీజిల్ ట్రాక్టర్లకి గేర్ రిడక్షన్ సెల్ఫ్ మోటార్లు ఇప్పుడు విడిగా దొరుకుతున్నాయి. పాత సెల్ఫ్ ఊడదీసి, అవే బోల్టులతో ఇది బిగిస్తే చాలని అమ్మేవాళ్ల మాట. ఆ మాట చాలావరకు నిజమే. కాకపోతే "సెల్ఫ్ తిరగట్లేదు" అన్న ప్రతి బండికీ ఇదే మందు అనుకుంటే, కొత్తది బిగించాక కూడా ఆ పాత "టక్" మళ్లీ వినాల్సి వస్తుంది. అందుకే ఈ రివ్యూలో మోటారు కంటే కేబుళ్ల గొడవే ఎక్కువ.

ముందు వస్తువు సంగతి. పాత రకంలో ఆర్మేచర్ (మోటారు లోపల తిరిగే భాగం) ఎంత తిరిగితే పినియన్ (ఇంజన్‌ని తిప్పే చిన్న పళ్ల చక్రం) అంతే తిరుగుతుంది. అందుకే మోటారు లావు, బరువు 15 కిలోల పైమాటే. గేర్ సెల్ఫ్‌లో చిన్న మోటారు చాలా వేగంగా తిరుగుతుంది, మధ్యలో ఉన్న పళ్లు ఆ వేగాన్ని మూడు నాలుగు వంతులు తగ్గించి బలంగా మారుస్తాయి. బరువు దాదాపు సగం. బండి కింద పడుకుని ఒక చేత్తో మోటారు పట్టుకుని రెండో చేత్తో బోల్టు వెతికే పనిలో ఆ సగం బరువు విలువేంటో తెలుస్తుంది. అదే ఇంజన్‌ని తిప్పడానికి కరెంటు కూడా తక్కువ లాగుతుంది కాబట్టి, కాస్త నీరసించిన బ్యాటరీతోనూ ఇంజన్ వేగంగా తిరుగుతుంది. డీజిల్ ఇంజన్‌కి ఆ వేగమే ముఖ్యం. నెమ్మదిగా తిరిగితే సిలిండర్‌లో గాలి చాలినంత వేడెక్కదు, డీజిల్ అంటుకోదు.

ఇక కొనే ముందు చేయాల్సిన పరీక్ష. ఒక మామూలు డిజిటల్ మల్టీమీటర్, సెల్ఫ్ కొట్టడానికి ఇంకో మనిషి చాలు. బండి న్యూట్రల్‌లో, హ్యాండ్ బ్రేక్ వేసి, ఇంజన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి ఉంచాలి.

మొదట బ్యాటరీ. రాత్రంతా కదపకుండా ఉన్న బ్యాటరీ 12.6 వోల్ట్‌లు చూపిస్తే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే ఉన్నట్టు. సగం ఉన్న బ్యాటరీతో సెల్ఫ్‌ని తప్పుపట్టకూడదు, ముందు చార్జ్ పెట్టండి. సెల్ఫ్ కొడుతుండగా బ్యాటరీ దగ్గరే 9.6 కంటే కిందికి పడితే బ్యాటరీ అయినా పోయి ఉండాలి, మోటారు అయినా విపరీతంగా లాగుతుండాలి. హైడ్రోమీటర్ (బ్యాటరీ యాసిడ్ చిక్కదనం కొలిచేది) ఉంటే ఆరు సెల్‌లూ చూడండి. ఒక్క సెల్ మాత్రం మిగతావాటికంటే బాగా తక్కువ చూపిస్తే ఆ బ్యాటరీకి ఏ సెల్ఫ్ పెట్టినా ఒకటే.

తర్వాతది అందరూ వదిలేసే పరీక్ష. మీటర్ ఎర్ర వైరు బ్యాటరీ ప్లస్ మీద, అంటే క్లాంప్ మీద కాదు, సీసపు పోస్టు మీదే ఆనించాలి. నల్ల వైరు సెల్ఫ్ మీద లావు కేబుల్ బిగించిన స్టడ్‌కి. ఇప్పుడు సెల్ఫ్ కొట్టమనండి. అర వోల్ట్ దాటితే ఆ దారిలో ఎక్కడో కరెంటు చిక్కుకుంటోంది. అదే పరీక్ష మైనస్ వైపు: మైనస్ పోస్టు నుంచి సెల్ఫ్ బాడీకి. ఇక్కడ 0.3 దాటకూడదు. 250 ఆంపియర్లు పోయే దారిలో 2 మిల్లీఓమ్‌ల అడ్డు ఉన్నా అర వోల్ట్ పోతుంది. అంత చిన్న అడ్డు కంటికి కనపడదు, మీటర్ ఓమ్స్ రేంజ్‌లోనూ దొరకదు. లోడు మీదే పట్టుబడుతుంది.

పాత బండ్లలో ఈ దొంగ ఎక్కువగా మైనస్ వైపే ఉంటాడు. సెల్ఫ్‌కి మైనస్ దాని బాడీ గుండానే అందాలి. హౌసింగ్ మీద రంగు, తుప్పు, ఆయిల్ జిడ్డు పేరుకుంటే ఆ దారి మూసుకుపోయినట్టే. ఎర్త్ కేబుల్ ఛాసిస్ బోల్టుకి ఉంటే దాన్ని తీసి నేరుగా సెల్ఫ్ బిగించే బోల్టుకో, దాని పక్కనే గేర్‌బాక్స్ హౌసింగ్‌కో మార్చండి. మెరిసే ఇనుము కనిపించేదాకా ఉప్పుకాగితంతో రుద్దాలి. కేబుల్ 50 చదరపు మిల్లీమీటర్లకి తగ్గకూడదు. బయటికి బాగానే కనిపించే కేబుల్‌ని లగ్ (చివర బిగించే రింగు) దగ్గర వంచి చూడండి. పొట్టు కింద పచ్చ చిలుము పొడిలా రాలితే అది కేబుల్ కాదు, పేరుకే కేబుల్.

చెవితోనూ కొంత పట్టొచ్చు. కీ తిప్పితే "టకటకటకటక" అంటే బ్యాటరీ, లేదా కనెక్షన్. సోలెనాయిడ్ (పినియన్‌ని ముందుకు నెట్టి, మోటారుకి కరెంటు కలిపే అయస్కాంత స్విచ్) లోపల రెండు చుట్టలుంటాయి, ఒకటి లాగేది, రెండోది పట్టి ఉంచేది. కాంటాక్ట్ కలవగానే లాగే చుట్ట పని ఆగిపోతుంది, పట్టే చుట్ట ఒక్కటే మిగులుతుంది. అదే క్షణంలో మోటారు లోడుకి వోల్టేజ్ కుప్పకూలితే పట్టే చుట్ట వదిలేస్తుంది. వదలగానే లోడు పోయి వోల్టేజ్ లేస్తుంది, మళ్లీ లాగుతుంది. ఆ చప్పుడు ఇదే. ఒక్క "టక్" కొట్టి నిశ్శబ్దమైపోతే, లైట్లు కూడా మసకబారకపోతే, సోలెనాయిడ్ కాంటాక్ట్‌లు కాలిపోయి ఉంటాయి, లేదా కార్బన్ బ్రష్‌లు (ఆర్మేచర్‌కి కరెంటు అందించే ముక్కలు) అరిగి ఉంటాయి. సోలెనాయిడ్ రెండు లావు స్టడ్‌ల మధ్య, సెల్ఫ్ కొడుతుండగా 0.3 వోల్ట్ దాటితే కాంటాక్ట్‌లదే తప్పు. విప్పదీసే రకమైతే రాగి బోల్టుల తలలు సగం వైపు గుంటపడి కనిపిస్తాయి. వాటిని అర చుట్టు తిప్పి బిగించి, రాగి బిళ్లని తిరగేస్తే కొత్త ముఖం దొరుకుతుంది. గంట పని.

చప్పుడే లేకపోతే కీ స్విచ్ నుంచి సోలెనాయిడ్‌కి వచ్చే చిన్న వైరు చూడాలి. 50 అని గుర్తున్న టెర్మినల్‌కి, కీ తిప్పినప్పుడు 10 వోల్ట్‌లయినా రావాలి. 7, 8 దగ్గర ఆగితే కీ స్విచ్, లేదా క్లచ్ కింద ఉన్న సేఫ్టీ స్విచ్. సెల్ఫ్ టెర్మినల్‌ల మధ్య స్క్రూడ్రైవర్ అడ్డం పెట్టి స్టార్ట్ చేసే అలవాటు ఇక్కడే మొదలవుతుంది. అలా చేస్తే సేఫ్టీ స్విచ్ ఉన్నా లేనట్టే. బండి గేర్‌లో ఉంటే వెనక చక్రం పక్కనున్న మనిషి మీదికే వస్తుంది.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంజన్ మాత్రం ఈడ్చుకుంటూ తిరుగుతుంటే అప్పుడు మోటారుదే తప్పు. సాధారణంగా బుష్‌లు (ఇరుసుని మోసే గొట్టాలు) అరిగి ఆర్మేచర్ పోల్ షూలకి (చుట్టూ ఉన్న ఇనుప దిమ్మలకి) రాసుకుంటుంది, కరెంటు తాగుతుంది, బలం రాదు. ఆర్మేచర్ మీద మెరుగుపెట్టినట్టు గీతలు పడి ఉంటాయి. బుష్‌లు, బ్రష్‌లు మాత్రమే పోయి ఉంటే పాతదాన్నే రిపేరు చేయించుకోవడం నయమని నా లెక్క. ఆర్మేచర్ కూడా పోతే గేర్ సెల్ఫ్ కొనండి.

కొనేటప్పుడు బండి మోడల్ పేరు ఒక్కటే చెప్పి తెచ్చుకోవద్దు. పాతది విప్పి పినియన్ పళ్లు లెక్కపెట్టండి, తిరిగే దిశ, బోల్టు రంధ్రాల మధ్య దూరం, హౌసింగ్‌లో కూర్చునే గుండ్రటి అంచు వ్యాసం కొలిచి పోల్చండి. ఆ అంచు కాస్త వదులైనా పినియన్ వంకరగా కూర్చుని రింగ్ గేర్ (ఇంజన్ ఫ్లైవీల్ చుట్టూ ఉన్న పళ్ల చక్రం) పళ్లు తినేస్తుంది. విప్పే ముందు బ్యాటరీ ఎర్త్ మొదట తీయండి, బిగించేటప్పుడు చివర పెట్టండి.

బిగింపులో రెండు చోట్ల జనం దెబ్బతింటున్నారు. ఒకటి ప్లస్ ఎర్త్ బండ్లు, అంటే బ్యాటరీ ప్లస్‌ని ఛాసిస్‌కి కలిపినవి. ఫోర్డ్ 8ఎన్ లాంటి పాత పెట్రోలు ట్రాక్టర్లు 6 వోల్ట్‌లతో, ప్లస్ ఎర్త్‌తో వచ్చాయి. పాత చుట్టల మోటారుకి ప్లస్ మైనస్ తిరగేసినా దిశ మారదు. గేర్ సెల్ఫ్‌లలో చాలావాటికి లోపల శాశ్వత అయస్కాంతాలు ఉంటాయి, తిరగేస్తే వెనక్కి తిరుగుతుంది. బండిని మైనస్ ఎర్త్‌కి మార్చకుండా అది పెట్టకూడదు.

రెండోది, సోలెనాయిడ్ బ్యాటరీ దగ్గర విడిగా ఉన్న బండ్లు. వీటిలో సెల్ఫ్‌కి ఒక్క లావు కేబులే వస్తుంది. దాన్ని కొత్త సెల్ఫ్ మీద 30 అని గుర్తున్న స్టడ్‌కి (లావు కేబుల్ బిగించేది) బిగించి, అక్కడి నుంచి 50కి చిన్న వైరు లంకె వేసేస్తారు. తిరుగుతుంది కూడా. కానీ కీ వదిలాక ఊపు మీద తిరుగుతున్న అయస్కాంతాల మోటారు డైనమోలా కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటు లంకె గుండా 50కి చేరి సోలెనాయిడ్‌ని పట్టి ఉంచుతుంది. ఇంజన్ అందుకున్నా పినియన్ బయటికి రాదు, కీచుమంటూ తిరుగుతుంటుంది. సరైన పద్ధతి: బ్యాటరీ ప్లస్ నుంచి 30కి నేరుగా లావు కేబుల్, పాత సోలెనాయిడ్ అవుట్‌పుట్ నుంచి 50కి చిన్న వైరు. పాత సోలెనాయిడ్ రిలేలా పనిచేస్తుంది, కీ స్విచ్ మీద భారం పడదు.

నచ్చనివీ ఉన్నాయి. చౌక రకాల్లో వేగం తగ్గించే పళ్లున్న లోపలి రింగ్ ప్లాస్టిక్‌ది, ఇంజన్ వెనక్కి తన్నితే అది పగులుతుంది. కొనే ముందు లోహపు రింగా కాదా అడగండి. క్లచ్ హౌసింగ్ నుంచి ఆయిల్ కారే బండిలో ఈ చిన్న మోటారు పాతదానికంటే త్వరగా తడిసిపోతుంది, ముందు సీల్ మార్చాలి. బిగించాక 10 సెకన్ల కంటే ఎక్కువ కొట్టొద్దు, ప్రతిసారీ ఒకటి రెండు నిమిషాలు ఆగాలి. పాత సెల్ఫ్ మొండికేస్తే పానాతో ఒక్కటి తగిలించే అలవాటు ఉన్నవాళ్లు దీని జోలికి ఆ పానా తీసుకెళ్లొద్దు, అయస్కాంతాలు పగిలి ఆర్మేచర్‌లో ఇరుక్కుంటాయి.