లినక్స్‌లో యూఎస్‌బీ మోడెమ్: ఆరేళ్ల వాడకం తరువాత

2012 వేసవిలో కొన్న హువావే ఈ173 అనే 3జీ సిమ్ మోడెమ్‌ను ఆరేళ్లకు పైగా, లినక్స్ రకాలైన ఉబుంటు 12.04 మీద మొదట, డెబియన్ మీద తరువాత, దాదాపు ప్రతిరోజూ వాడాను. మధిర దగ్గర ఉన్న మా ఊరికి అప్పటికి తీగ ద్వారా వచ్చే బ్రాడ్‌బ్యాండ్ లేదు. నేను రాసిన ఉత్తరాలు, చేసిన దరఖాస్తులు, దింపుకున్న సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలు అన్నీ చూపుడువేలంత ఉన్న ఈ డాంగిల్ గుండానే వచ్చాయి, పోయాయి. కొనేటప్పుడు దుకాణదారు ఇది విండోస్‌లో మాత్రమే పనిచేస్తుందని గట్టిగా చెప్పాడు. ఆ మాట నిజం కాదని చెప్పడానికే ఇది రాస్తున్నాను. అయితే దీన్ని లినక్స్‌లో నమ్మకంగా నడపాలంటే మూడు నాలుగు సంగతులు ముందే తెలిసి ఉండాలి.

మొదటి సంగతి, ఈ మోడెమ్ కంప్యూటరుకు రెండు వేషాల్లో కనబడుతుంది. విండోస్ వాడేవారికి డ్రైవర్లున్న సీడీ విడిగా ఇవ్వనక్కరలేకుండా, గుచ్చగానే తనను తాను సీడీ డ్రైవ్‌గా చూపించుకుంటుంది; డ్రైవర్ ఎక్కిన తరువాత మోడెమ్‌గా మారుతుంది. ఆనాటి డాంగిళ్లలో చాలా కంపెనీలు ఇదే పద్ధతి పాటించాయి. లినక్స్‌లో ఈ మార్పును యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అనే చిన్న ప్రోగ్రాము చేస్తుంది. జోసువా డీట్జ్ దాన్ని రాసి ఏళ్ల తరబడి పోషించారు; నాలాంటివారు ఆయనకు ఎంతో రుణపడి ఉన్నారు. గుచ్చి ఉన్న యూఎస్‌బీ పరికరాల జాబితా చూపే ఎల్ఎస్‌యూఎస్‌బీ కమాండ్ ఇచ్చి చూస్తే వేషం మారిందో లేదో వెంటనే తెలిసిపోతుంది. హువావే గుర్తింపు సంఖ్య 12డీ1 ఎప్పుడూ అలాగే ఉంటుంది. దాని పక్కనున్న రెండో సంఖ్య సీడీ వేషంలో 1446గా, మోడెమ్ వేషంలోకి వచ్చాక నా పరికరానికి 1436గా కనబడేది. మోడెమ్ పనిచేయడం లేదని ఎవరు చెప్పినా, నేను ముందుగా అడిగేది ఈ రెండో సంఖ్యే.

ఉబుంటులో ఈ ప్రోగ్రాము ముందే ఉండడం వల్ల నాకు మొదట్లో ఏ ఇబ్బందీ తెలియలేదు. 2013లో డెబియన్ 7ను అతి తక్కువ ప్యాకేజీలతో ఎక్కించుకున్నప్పుడు మాత్రం మోడెమ్ సీడీగానే ఉండిపోయింది. దాన్ని మార్చే ప్యాకేజీ కావాలంటే ఇంటర్నెట్ ఉండాలి, ఇంటర్నెట్ కావాలంటే ఆ ప్యాకేజీ ఉండాలి. చివరికి ఖమ్మంలో ఒక మిత్రుడి కంప్యూటరులో యూఎస్‌బీ మోడ్‌స్విచ్‌నూ, దాని డేటా ప్యాకేజీనీ, వాటికి అవసరమైన మిగతావాటినీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకుని తెచ్చుకోవలసి వచ్చింది. ఆనాటి నుంచి ఏ కంప్యూటరులో లినక్స్ ఎక్కించినా ఆ ఫైళ్లు దగ్గర ఉంచుకునే మొదలుపెడుతున్నాను.

మోడెమ్ వేషంలోకి రాగానే లినక్స్‌కు గుండెకాయ లాంటి కెర్నెల్‌లోని ఆప్షన్ అనే డ్రైవర్ దానిని అందుకుని, టీటీవై యూఎస్‌బీ 0, 1, 2 అని మూడు సీరియల్ పోర్టులు చూపిస్తుంది. ఇక్కడి నుంచి రెండు దారులున్నాయి. రోజువారీ వాడకానికి, కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ చాలు. దేశాన్నీ, సర్వీసునూ ఎంచుకుంటే ఇంటర్నెట్‌కు దారి చూపే ఏపీఎన్ అనే పేరును అదే నింపుకుంటుంది, ఒకవేళ నింపకపోతే బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్ అని మనమే రాసుకోవచ్చు. నేను మాత్రం మొదటి రెండేళ్లు టెర్మినల్‌లో నడిచే డబ్ల్యూవీడయల్ అనే డయలింగ్ ప్రోగ్రాము వాడాను. అందులో డయల్ చేయవలసిన నంబరు *99#. యూజర్ పేరు, పాస్‌వర్డ్ అవసరం లేకపోయినా ఆ గళ్లను ఖాళీగా వదిలితే అది ఒప్పుకోదు, ఏదో ఒక మాట రాయాలి. స్టుపిడ్ మోడ్ అనే వరుసకు 1 అని ఇవ్వాలి. కనెక్షన్ ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో తెర మీద వరుసగా కనబడడం దానిలోని గొప్ప సౌకర్యం. అయితే నెట్‌వర్క్ మేనేజర్‌కు తోడుగా మోడెమ్‌ను నడిపే మోడెమ్ మేనేజర్ నడుస్తూ ఉండగా దీన్ని నడిపితే రెండూ ఒకే పోర్టు కోసం పోటీపడి రెండూ విఫలమవుతాయి కాబట్టి, ఒకదాన్ని ఆపి మరొకటి వాడుకోవాలి. మన యూజర్‌ను సీరియల్ పోర్టులు వాడే అనుమతి ఉన్న డయలౌట్ గ్రూపులో చేర్చడం, సిమ్‌కు పిన్ ఉంటే తీసేయడం కూడా ముందే చేసుకోవడం మంచిది.

సాఫ్ట్‌వేర్ కుదిరిన తరువాత నన్ను ఎక్కువ కాలం వేధించినవి సిగ్నల్, కరెంటు. మోడెమ్‌కు ఏటీ+సీఎస్‌క్యూ అనే ఆదేశం పంపితే సిగ్నల్ బలాన్ని 0 నుంచి 31 వరకు ఒక అంకెగా చెబుతుంది. ఆ అంకెను రెట్టింపు చేసి 113 తీసేస్తే సిగ్నల్‌ను కొలిచే డీబీఎంలలో బలం వస్తుంది; అది సున్నాకు దగ్గరయ్యేకొద్దీ సిగ్నల్ బాగున్నట్టు. బల్ల మీద ల్యాప్‌టాప్‌కే గుచ్చితే నాకు 7 వచ్చేది, అంటే మైనస్ 99. మూడు మీటర్ల ఎక్స్‌టెన్షన్ కేబుల్ తెచ్చి, కిటికీ ఊచల్లోంచి బయటికి తీసి, సజ్జ కింద వేలాడదీస్తే 15కు, అంటే మైనస్ 83కు పెరిగింది. ఆ సంతోషం ఒక్క పూటే నిలిచింది. పెద్ద ఫైలు దించడం మొదలుపెట్టిన కాసేపటికే మోడెమ్ మొత్తంగా మాయమై మళ్లీ సీడీ వేషంలో తిరిగి వచ్చేది. కెర్నెల్ సందేశాలను చూపే డీమెసేజ్ కమాండ్ ఇచ్చి చూస్తే పరికరం తెగిపోయి మళ్లీ కలిసినట్టు వరుసలు వరుసలుగా ఉండేవి. మోడెమ్ గట్టిగా ప్రసారం చేసే క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది. యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వవలసింది 500 మిల్లీఆంపియర్లే, పైగా సన్నని తీగ పొడవు పెరిగేకొద్దీ చివరికి చేరే వోల్టేజి తగ్గిపోతుంది. సిగ్నల్ కోసం తీగ పొడవుగా ఉండాలి, కరెంటు కోసం పొట్టిగా ఉండాలి. చివరికి లావు తీగలున్న ఒకటిన్నర మీటరు కేబుల్ తెచ్చి, బల్లనే కిటికీ దగ్గరికి జరిపాను. సీఎస్‌క్యూ 13 దగ్గర నిలిచింది, తెగిపోవడం ఆగింది. ఆ ఒక్క మార్పు నాకు మిగతా సర్దుబాట్లన్నిటికంటే ఎక్కువ మేలు చేసింది.

మోడెమ్ మీది దీపాన్ని చదవడం కూడా అలవాటు చేసుకోవాలి. కనెక్షన్ కలిశాక ఆకుపచ్చగా నిలిచి వెలిగితే 2జీ, నీలంగా నిలిస్తే 3జీ; కలవకముందు అవే రంగుల్లో మిణుకుతుంది. డయల్ చేసే ముందు నీలి మిణుకు కనబడే దాకా ఆగడం వల్ల, 2జీలో కలిసిపోయి గంటల తరబడి నత్తనడక నడిచే బాధ తప్పింది.

వేగం విషయానికి వస్తే, ఈ పరికరం 7.2 మెగాబిట్ల వరకు అందుకోగలదు. మా ఊళ్లో తెల్లవారుజామున ఒకటిన్నర నుంచి రెండు మెగాబిట్లు వచ్చేవి. 250 మెగాబైట్ల అప్‌డేట్లు దిగడానికి ఇరవై నిమిషాలు పట్టేది. సాయంత్రం అందులో సగం కూడా రాకపోవడం టవర్ మీది రద్దీ వల్లే తప్ప లినక్స్ వల్ల కాదు. అదే మోడెమ్‌ను విండోస్‌లో పెట్టి చూసినా వచ్చిన వేగం అంతే. నిద్రలోంచి లేచిన ల్యాప్‌టాప్ కొన్నిసార్లు మోడెమ్‌ను గుర్తించేది కాదు. మోడెమ్ మేనేజర్‌ను ఒకసారి ఆపి మళ్లీ నడిపితే చాలావరకు సర్దుకునేది, లేకపోతే తీసి గుచ్చడమే దారి.

2018లో హువావే ఈ3372 అనే 4జీ డాంగిల్‌కు మారాను. హైలింక్ పద్ధతిలో నడిచే నా డాంగిల్ లినక్స్‌కు మామూలు ఈథర్‌నెట్ కార్డులా కనబడుతుంది. డయల్ చేసే పనే లేదు, సిగ్నల్, మెసేజీలు బ్రౌజరులో 192.168.8.1 దగ్గర చూసుకోవచ్చు. ఇదీ మొదట సీడీగానే వస్తుంది కాబట్టి యూఎస్‌బీ మోడ్‌స్విచ్ అవసరం తీరిపోలేదు. కొత్తగా కొనేవారికి ఈ రకాన్నే సూచిస్తాను. అయితే ఏటీ ఆదేశాలతో మోడెమ్‌ను నేరుగా పలకరించే వీలు ఇందులో నాకు దొరకలేదు, ఆ లోటు నాకు నిజంగానే ఉంది. పాత ఈ173ను పారేయలేదు. దాన్ని డెస్క్‌టాప్‌కు గుచ్చి, బ్యాంకు నుంచి వచ్చే మెసేజీలను టెర్మినల్‌లో చదువుకోవడానికి ఇప్పటికీ వాడుతున్నాను.