ఆదివారం విన్న ప్రసంగం బుధవారానికి ఎంత మిగులుతుంది?

మా సంఘానికి ఇన్నేళ్లలో చాలామంది పాస్టర్లు వచ్చి వెళ్లారు. వినేవాళ్లం మాత్రం మేమే. కాబట్టి ఎవరి మాట నిలిచిందో చెప్పే హక్కు మాకుంది.

గొంతు పెంచి చెప్పేవారి సంగతి తేలిక. వెనక కీబోర్డు మోగుతుంటుంది, రెండు మాటలకోసారి ‘హల్లెలూయ’ అనిపిస్తారు, ఒళ్లు పులకరిస్తుంది. ఇంటికి వచ్చాక అమ్మ ‘ఈ రోజు ఏ భాగం చదివారు?’ అని అడిగితే ఒకరి ముఖం ఒకరం చూసుకుంటాం. ప్రాస కుదిర్చి మూడు అంశాలు చెప్పేవారు కొంత మెరుగు. ‘పిలుపు, మలుపు, గెలుపు’ నాకు ఇప్పటికీ కంఠతా వచ్చు. అవి అబ్రాహాము గురించో, పేతురు గురించో మాత్రం తెలియదు.

నెమ్మదిగా మాట్లాడే పాస్టరుగారు ఒకరు బైబిల్లో లూకా సువార్త 15వ అధ్యాయం తీసుకున్నారు. తప్పిపోయిన కుమారుడి కథ మాకు తెలియనిదా! ఆస్తిలో వాటా పట్టుకుపోయి, అంతా తగలేసి తిరిగొచ్చిన చిన్నకొడుక్కి తండ్రి విందు చేస్తాడు. ఆయన చిన్నకొడుకును త్వరగా ఇంటికి చేర్చేసి, పెద్దకొడుకు దగ్గర ఆగారు. పొలం నుంచి వస్తాడు, లోపల వాద్యాలు, నాట్యం వినిపిస్తాయి, కోపంతో బయటే నిలబడతాడు. తండ్రే బయటికి వచ్చి బతిమాలతాడు. ‘ఇంతకీ అతడు లోపలికి వెళ్లాడా?’ అని అడిగి పాస్టరుగారు బైబిలు మూసేశారు. లూకా కూడా ఆ సంగతి చెప్పలేదు. ఆ వారమంతా మా ఇంట్లో అదే వాదన. ఆస్తి పంపకాలప్పటి నుంచి మాటల్లేని మా బంధువులిద్దరి పేర్లూ మధ్యలోకి వచ్చాయి. అమ్మకు చదువు రాదు. ఆ ప్రసంగాన్ని ఇప్పటికీ వరస తప్పకుండా చెబుతుంది.

అలాగని కథ చెబితే చాలదు. సొంత ప్రయాణాల ముచ్చట్లు చెప్పే పాస్టరుగారి రైలు కథ అందరికీ గుర్తుంది, ఆ రోజు వాక్యం ఎవరికీ గుర్తులేదు. వచనం వెంట వచనం వివరించే పద్ధతి బైబిలు తెరుచుకుని కూర్చునేవారికి బంగారం. అమ్మలాంటివారికి అందులో సగం కూడా అందదు.

ఇక నిడివి. త్రోయ పట్టణంలో అపొస్తలుడైన పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తే ఐతుకు అనే యువకుడు కిటికీలో నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు (అపొస్తలుల కార్యములు 20). మా మందిరానికి మేడ లేదు కాబట్టి సరిపోయింది.