ఎండు తెగులు పట్టిన మడికి ప్లాస్టిక్ కప్పడం మేలా, అంటు నారు నాటడం మేలా?

శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు కూరగాయలు పండించే రైతులు, నగరంలో పెరట్లో నాలుగు వంగ మొక్కలు పెంచుకునేవారు కూడా ఈమధ్య నన్ను ఒకే ప్రశ్న అడుగుతున్నారు: బాక్టీరియా ఎండు తెగులు వచ్చిన చోట మళ్లీ వంగ, టమాట వేయాలంటే వేసవిలో నేలకు ప్లాస్టిక్ కప్పాలా, అంటు కట్టిన నారు కొనాలా? ఈ ఏడాది నేనూ ఇదే తేల్చుకోవలసి వచ్చింది.

వచ్చింది ఆ తెగులేనా అన్నది ముందు చూసుకోవాలి. మా మడిలో ఆకులు పచ్చగా ఉండగానే వాలిపోయిన వంగ మొక్క కాండాన్ని నేలకు దగ్గరగా కోసి, గాజు గ్లాసులోని తేటనీటిలో కదలకుండా పట్టుకుంటే, కొద్ది నిమిషాలకే కోసిన చోటు నుంచి పాలవంటి సన్నని ధార కిందికి దిగింది. శిలీంధ్రం వల్ల వచ్చే ఎండు తెగులులో ఈ ధార కనిపించదు. సాధారణంగా కింది ఆకులు ముందు పసుపెక్కుతాయి.

ప్లాస్టిక్ కప్పడానికి హైదరాబాదు ఏప్రిల్, మే ఎండలు చక్కగా సరిపోతాయి. నేలను దున్ని, చదును చేసి, బాగా తడిపి, 25 నుంచి 50 మైక్రాన్ల పారదర్శక ప్లాస్టిక్ పరచి, అంచులను మట్టితో మూసి 4 నుంచి 6 వారాలు ఉంచితే, పైమట్టిలోని నారుకుళ్లు శిలీంధ్రాలు, కలుపు విత్తనాలు చాలావరకు నశిస్తాయి. నారుమడికి ఇంతకంటే మంచి పద్ధతి నాకు తెలియదు.

అయితే ఎండు తెగులు కలిగించే రాల్‌స్టోనియా బాక్టీరియా పైమట్టికే పరిమితం కాదు. వేడి బాగా తగిలేది పై జానెడు మట్టికే కాగా, వంగ వేరు అంతకంటే లోతుకు దిగి, అక్కడ మిగిలిన బాక్టీరియాను చేరుకుంటుంది. పైగా పక్క మడి నుంచి పారిన నీరు, పారకు అంటిన మట్టి శుభ్రపడిన నేలకు తెగులును మళ్లీ తెచ్చిపెడతాయి. నేలంతటినీ శుభ్రం చేయడం మన చేతిలో లేనప్పుడు, ఆ నేలలో తట్టుకొని నిలిచే వేరును ఎంచుకోవడమే సరైనదని నా అభిప్రాయం.

ఉస్తికాయ మొక్కను వేరుమూలంగా, అంటే వేరునిచ్చే కింది మొక్కగా, తీసుకొని కట్టిన వంగ అంటు ఈ తెగులును బాగా తట్టుకుంటుంది. వేర్లకు గాయాలు చేసి బాక్టీరియాకు దారి ఇచ్చే నులిపురుగులనూ తట్టుకుంటుంది. టమాటకు ఈజీ 203 వంటి వంగ రకాలను వేరుమూలంగా ప్రపంచ కూరగాయల కేంద్రం సిఫార్సు చేసింది. వానాకాలంలో నీరు నిలిచినా ఈ వేరు టమాట వేరు కంటే మెరుగ్గా ఓర్చుకుంటుంది. అంటు నారు ధర మామూలు నారుకు కొన్ని రెట్లు ఉంటుందన్నది నిజమే కానీ, కాపు మీదున్న తోట సగం ఎండిపోవడాన్ని చూసినవారికి ఆ ఖర్చు ఎక్కువనిపించదు. నాటేటప్పుడు అతుకు నేలకు పైనే ఉండాలి. మట్టి ఎగదోసి దాన్ని కప్పేస్తే పైమొక్క సొంత వేర్లు నేలలోకి దిగి, అంటు కట్టిన ప్రయోజనమే పోతుంది. అతుకు కింద వచ్చే ముళ్ల పిలకలను ఎప్పటికప్పుడు తుంచెయ్యాలి.

నేలలో కలిపే మేలుచేసే శిలీంధ్రం ట్రైకోడెర్మా ప్రధానంగా తెగులు శిలీంధ్రాల మీద పనిచేసేది కనుక, ఈ బాక్టీరియాకు దాన్ని నమ్ముకోలేం. స్ట్రెప్టోమైసిన్ వంటి యాంటీబయాటిక్ మందులు, కాండంలోకి బాక్టీరియా చేరాక, వాలిపోయిన మొక్కను బతికించలేవు. పంట మార్పిడికి జొన్న, మొక్కజొన్న మంచివి. మిరప, ఆలుగడ్డ వంగ కుటుంబానివే కనుక పనికిరావు.

నేను నారుమడికి ప్లాస్టిక్ కప్పి, తెగులు వచ్చిన మడిలో ఉస్తి వేరు అంటు వంగ నాటాను; పై మడి నీరు అందులోకి దిగకుండా చుట్టూ కాలువ తీయించాను.